నీటిగుర్రం ఎండలో నిలబడిన పూట

“రెండు వానాకాలాలు, అంతే! మూడో వానాకాలం తొలి చినుకు నా వీపు మీద పడే వేళకి నేనీ మడుగులో ఉండను. ఉన్నానా, మీరంతా వరసలో నిలబడి నా మొహాన తుమ్మండి!”

తనని లోయకి పెద్దగా ఎన్నుకున్న పూట నీటిగుర్రం మకుంబా ఈ మాట అన్నప్పుడు లుకేని లోయ మొత్తం కేరింతలు కొట్టింది. ముసలి సింహాన్ని లోయలోంచి తరిమేసి అప్పటికి మూడు రోజులే అయింది. తరిమినవాళ్ళలో అందరికంటే ముందు పరిగెత్తినవాడు మకుంబాయే. వీపు మీద పంజా గాట్లు ఇంకా ఆరలేదు. అలాంటివాడు మాటిస్తే ఎవరు నమ్మరు?

ఆ తర్వాత ఆరు వానాకాలాలు వచ్చిపోయాయి. ఆరింటి తొలి చినుకులూ మకుంబా వీపు మీదే పడ్డాయి, ఆ మడుగులోనే.

లుకేని లోయ ఆఫ్రికా గడ్డినేలల్లో ఓ మూల ఉంటుంది. ఎండలు ముదిరితే అక్కడ నీళ్ళు మిగిలేది ఒక్క పెద్ద మడుగులోనే. సింహం పోయిన కొత్తలో జంతువులన్నీ చెదపుట్ట చుట్టూ చేరి ఒప్పందం చేసుకున్నాయి. పెద్దగా ఎన్నుకున్నవాళ్ళు మడుగు లోతులో ఉండి కాపాడాలి, మిగతావాళ్ళు గట్టు పొడవునా తాగాలి. ఏ విషయమైనా తుమ్ములతో తేల్చుకోవాలి.

ఈ తుమ్ముల పద్ధతి అడవికుక్కలది. మన దగ్గర బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే, చెప్పులు విడిచి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మరీ కదులుతాం. అడవికుక్కలు తుమ్మితేగానీ కదలవు. వేటకి వెళదామా అని ఒకరు అడుగుతారు. సరే అనేవాళ్ళు తుమ్ముతారు. గుంపు పెద్ద అడిగితే మూడు తుమ్ములు చాలు. మామూలు కుక్క అడిగితే పది కావాలి. ముక్కున్న ప్రతివాడికీ ఓటుందన్నమాట. అందుకే ఈ పద్ధతి లోయ మొత్తానికి నచ్చింది.

ఒప్పందాన్ని ఎక్కడ భద్రపరచాలన్న చర్చే రాలేదు. అందరూ కలిసి ఏనుగు టెంబోకి వినిపించారు. ఏనుగు చెవిన పడ్డది ఎక్కడికీ పోదు.

అంతా బాగానే ఉంది, మూడో వానాకాలం వచ్చేదాకా. మబ్బులు పట్టగానే మకుంబా సలహాదారు నక్క సిండానో పరుగు పరుగున వచ్చి, ఉత్తరపు కొండ అవతల దుమ్ములగొండ్లు గుమిగూడాయని చాటింపు వేశాడు. ఇలాంటప్పుడు పెద్దని మార్చడం ప్రమాదం అన్నాడు. ఆ ఏడు ఆగారు. మరుసటి ఏడూ అవే దుమ్ములగొండ్లు, అదే కొండ. లోయలో ఎవరూ ఒక్క దుమ్ములగొండి తోక కూడా చూసిన పాపాన పోలేదు.

“చూశారా!” అన్నాడు సిండానో. “ఒక్కటీ కనపడకపోవడమే మన పెద్దాయన కాపలాకి రుజువు.”

 ఆ వాదనకి జవాబు వెతికేలోపు ఇంకో చాటింపు వచ్చింది. తుమ్ము చప్పుడు కొండ అవతలికి వినిపిస్తోందట, శత్రువు మన జాడ పసిగడుతున్నాడట, అందుచేత తాత్కాలికంగా తుమ్ములు నిషేధమట. ఎండాకాలంలో గడ్డినేల మీద దుమ్ము ఎలా లేస్తుందో తెలుసుగా! ఆ దుమ్ములో జంతువులన్నీ ముక్కులు బిగబట్టుకుని, కళ్ళనీళ్ళు కార్చుకుంటూ తిరిగాయి. దూరం నుంచి చూస్తే లోయలో ఎవరో పోయినట్టుండేది.

ఇది చాలనట్టు అయిదు లోయల సమితి దిగింది. లుకేనితో కలిపి చుట్టుపక్కల అయిదు లోయల పెద్దలూ కలిసి పెట్టుకున్న సంఘం అది. ఎవరైనా దౌర్జన్యంగా మడుగులోకి దూకి పెద్దరికం లాక్కుంటే, దున్నపోతుల దళాన్ని పంపి వాణ్ణి దించుతారు. మంచి నియమమే. మడుగులోనే అతుక్కుపోయి లేవనివాణ్ణి ఏం చేస్తారని అడిగితే మాత్రం, అది ఆ లోయ ఇంటి విషయం, మేం కలగజేసుకోం అంటారు. అడిగినవాళ్ళకి అర్థమైపోయేది: సమితిలో ఉన్న అయిదుగురూ అతుక్కుపోయినవాళ్ళే.

మకుంబా అడిగిందే తడవుగా దున్నలు వచ్చి మడుగు చుట్టూ నిలబడ్డాయి. గట్టు మీద తాగే హక్కు పోయింది. లోయ జనాభా అంతా మడుగు నుంచి ఊరే బురదగుంటలో తాగాల్సి వచ్చింది.

పోయిన ఎండాకాలం ఒక్కరు మాత్రం చెదపుట్ట ఎక్కి, “మన పెద్దని మార్చుకుందామా?” అని అడిగి, ముందుగా తనే గట్టిగా తుమ్మింది. సిఫా అనే అడవికుక్క. ఆమె తుమ్ముకి ఇంకో నాలుగు తుమ్ములు కలిశాయి. ఆరో తుమ్ము వచ్చేలోపు దున్నలు సభని చెదరగొట్టాయి. మర్నాడు పొద్దున సిఫా కనిపించలేదు. ఆమె పడుకున్న చోటు నుంచి నదిదాకా ఏదో ఈడ్చుకెళ్ళిన గీత ఉంది. నది దగ్గర ఆగిపోయింది.

సిఫా తమ్ముడి పేరు కిటో.

కిటోవి చాటల్లాంటి చెవులు. ఆ చెవులతో విన్నదంతా బుర్రలో దాచుకునే రకం. ఉత్తరాన చలిదేశాల నుంచి ఏటా వలస వచ్చే కొంగల పక్కన చేరి, అక్కడి తిరుగుబాట్ల కథలన్నీ విన్నాడు. నినాదాలన్నీ కంఠతా పట్టాడు. అక్క పోయిన దగ్గర్నుంచీ వాడికి తిండి సయించలేదు. ఒకరోజు ఆ నినాదాలన్నీ పోగేసుకుని మడుగు గట్టుకి వెళ్ళాడు.

“జలం జనం సొత్తు!” అని మొదలుపెట్టాడు. “పీఠాలు కూలతాయి! మంచు కరిగి తీరుతుంది!”

బురదగుంటలో పొర్లుతున్న అడవిపంది బులే తల పైకెత్తాడు. “మంచంటే ఏంట్రా అబ్బాయ్?”

“అంటే... తెల్లగా ఉంటుంది బులే మామా. చల్లగా ఉంటుంది. పైనుంచి పడుతుంది.”

“కొంగ రెట్టా?”

“కాదు మామా! అదొక ప్రతీక!”

“ఏదైతేనేం, పడేటప్పుడు చెప్పు, పక్కకి జరుగుతాను.”

కిటో వాణ్ణి వదిలేసి గట్టు మీదికి దూకబోయాడు. దున్నల దళపతి రుగాంబా కొమ్ములు అడ్డం పెట్టాడు. రుగాంబాది గుండ్రాయిలాంటి మొహం. దాని మీద కోపమూ నవ్వూ ఎప్పుడూ వాలవు.

“పెద్ద మడుగులోకి పెద్ద తప్ప ఎవరూ దిగరాదు. పెద్ద మడుగు నీళ్ళు పెద్ద తప్ప ఎవరూ బయటికి తేరాదు. ఆర్డరు.”

“ఎవరయ్యా నీకు పెద్ద? మాటిచ్చి ఆరేళ్ళయినా మడుగులోంచి లేవనివాడా?”

“ఒప్పందం ప్రకారం పెద్ద ఎవరైతే వాళ్ళు. అది తేల్చడం నా డ్యూటీ కాదు. వెనక్కి జరుగు.”

“నీళ్ళు మనవి! నేల మనది!” కిటో గొంతు చించుకున్నాడు.

మడుగు మధ్యలో రెండు చెవులు, రెండు ముక్కురంధ్రాలు తేలాయి. తర్వాత మకుంబా మొత్తం తల. నోరు తెరిస్తే అందులో కిటోలాంటివాళ్ళు ముగ్గురు పడతారు.

“శభాష్!” అన్నాడు మకుంబా. “గొంతు బాగుందిరా కుర్రాడా! నేను మాత్రం ఏమంటున్నాను? జలం!”

“జనం సొత్తు!” అని సిండానో అందుకున్నాడు.

“పీఠాలు!”

“కూలతాయి!”

ఇద్దరూ అదే పనిగా నాలుగుసార్లు అరిచారు. గట్టు మీద పక్షులు కూడా కలిశాయి.  కిటో నినాదాలన్నీ వాడి కళ్ళ ముందే మడుగులో మునిగిపోయాయి.

“ఇంతకీ ఈ పాటలు నీకెవరు నేర్పారు బాబూ?” సిండానో తియ్యగా అడిగాడు. “కొంగలేనా? అవి వచ్చే దారిలోనే కదా దుమ్ములగొండ్ల కొండ ఉన్నదీ?” అని చుట్టూ చూశాడు. చూపు పడ్డవాళ్ళంతా కిటో నుంచి నాలుగడుగులు దూరం జరిగారు. బులే కూడా.

చెదపుట్ట నీడలో తాబేలు మోసి అవ్వ ఇదంతా చూస్తోంది. లోయలో ఆమె కంటే ముసలివాళ్ళు రాళ్ళే. కిటో వచ్చి పక్కన కూలబడ్డాడు.

“ఎన్ని... కేకలు పెట్టావురా?” అంది అవ్వ.

“పదకొండు.”

“ఎన్నిటికి జవాబొచ్చింది?”

కిటో మడుగు వైపు చూశాడు.

“అరుపుకి వాడూ... అరుస్తాడు నాయనా. వాడి నోరు... నీ నోటికంటే ఎంత పెద్దదో చూశావుగా. నినాదానికి జవాబు చెప్పక్కర్లేదు. అడిగితే... చెప్పాలి.”

“అడిగితే మాత్రం చెప్తాడా అవ్వా? నీళ్ళలో మునుగుతాడు!”

“నీళ్ళలో ఉంటే మునుగుతాడు. పుట్ట మీద ఉంటే... ఎక్కడ మునుగుతాడు?”

కిటో చెవులు నిక్కబొడుచుకున్నాయి. అవ్వ చెప్పడం మొదలుపెట్టింది. పొద్దు ఒక జానెడు దిగేదాకా చెప్పింది. దాని సారం ఇది. ఒప్పందం నాడు అవ్వ ఒక షరతు పెట్టించింది. అప్పట్లో సభల్లో ఆమె నోరు తెరిచి రెండో మాట అనేలోపు అందరూ లేచి మేతకి పోయేవాళ్ళు. ఒళ్ళు మండి, షరతు పెడితేగానీ కదలనని పుట్టకి అడ్డంగా కూర్చుంది. సభని ఏదైనా విషయం అడిగేవాళ్ళు, ఎంత పెద్దవాళ్ళయినా, పుట్ట మీద నిలబడే అడగాలి. సభ వేసే ప్రశ్నలన్నీ అయ్యేదాకా దిగకూడదు. ప్రశ్నలు వేసేవాళ్ళు ముగించేదాకా తుమ్ములు లెక్కకి రావు. మధ్యలో దిగిపోతే ఆ విషయం పోయినట్టే. దిగినవాడు పెద్ద అయితే పెద్దరికం కూడా పోయినట్టే.

“తాబేలు ముచ్చట కదా అని... అందరూ నవ్వి సరే అన్నారు,” అంది అవ్వ. “అందరికంటే గట్టిగా నవ్వింది... మకుంబాయే.”

“మరి ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదు అవ్వా!”

“చెప్పడం మొదలుపెట్టాను. ఎవరూ... ముగించనివ్వలేదు.”

కిటో సిగ్గుతో చెవులు వాల్చాడు. ముగించనివ్వనివాళ్ళలో వాడూ ఒకడు.

“వాడసలు పుట్ట ఎక్కడు కదా!” అన్నాడు.

“ఎల్లుండి ఎక్కుతాడు. దున్నల గడువు అయిపోతోంది. ఇంకో ఏడు ఉంచాలంటే... సమితి మనిషి ఎదుట మూడు తుమ్ములు పడాలి. అది సమితి పద్ధతి. వాడడిగితే మూడే చాలు కదా. నక్క, నక్క పెళ్ళాం, నక్క బావమరిది... సరిపోయింది.”

కిటో తోక దానంతటదే ఊగింది. “అయితే నేను పద్నాలుగు ప్రశ్నలు పోగేసుకొస్తాను! రాజ్యస్వభావం గురించి ఒకటి, సైనిక జోక్యం గురించి ఒకటి, కొంగల దేశంలో ఏమైందంటే...”

“ఒక్కటి.”

“కనీసం అయిదు అవ్వా!”

“ఒక్కటే. నీకు నిద్రపట్టనివ్వనిది.”

కిటో పుట్ట మట్టిని గోకాడు. వాడు మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో కొంగలు లేవు.

“మా అక్క ఎక్కడ?”

“అదే,” అంది అవ్వ.

మూడో రోజు పొద్దున చెదపుట్ట చుట్టూ లోయ అంతా చేరింది. సమితి తరఫున టెంబో వచ్చి ముళ్ళచెట్టు నీడలో నిలబడ్డాడు. ఒప్పందం విన్న టెంబోనే. ఇప్పుడు సమితికి పరిశీలకుడు. ప్రతిదీ గుర్తుంటుంది, అవసరమైనది మాత్రమే చెబుతాడు. ఆ ఉద్యోగానికి అంతకంటే ఏం కావాలి?

ముందు వరసలో సిండానో కుటుంబం ముక్కుల దగ్గర పిడికెడు దుమ్ము పోగేసుకుని సిద్ధంగా కూర్చుంది.

“ఈ పూటకి తుమ్ము నిషేధం సడలించడమైనది!” అని సిండానో చాటాడు. “మూడు తుమ్ముల వరకే. నాలుగోది నేరం.”

మకుంబా మడుగులోంచి లేచి, నీళ్ళు కార్చుకుంటూ వచ్చి పుట్ట ఎక్కాడు. ఎండ ఇంకా మెత్తగా ఉంది. ఒళ్ళు తడిగా ఉంది. ఒక్క నిమిషం పని.

“నా ప్రాణసమానులైన లోయవాసులారా! దున్నల దళాన్ని ఇంకో ఏడు ఉంచుదామా?”

“హాచ్!” అన్నాడు సిండానో వెంటనే.

“ఆగవోయ్,” అంది మోసి అవ్వ. “ప్రశ్నలు కాకుండానే... తుమ్మేమిటి?”

“ప్రశ్నలా?” సిండానో నవ్వాడు. “ఇదెక్కడి కొత్త గోల ముసలమ్మా?”

“పాత గోలే. టెంబోని అడుగు.”

అందరూ ముళ్ళచెట్టు వైపు తిరిగారు. టెంబో చెవులు రెండుసార్లు ఆడించాడు. తొండంతో లేని ఈగని తోలాడు. “అలాంటి షరతు ఒకటి... అంటే... చర్చకి వచ్చిందేమో అని...”

“ఏనుగువై ఉండి, గుర్తులేదంటావా అన్నా?” కిటో అడిగాడు.

సభలో చిన్నగా నవ్వులు లేచాయి. ఒక ఏనుగు నలుగురిలో మర్చిపోయానంటే ఇక దాని బతుకేమిటి? పిల్ల ఏనుగులు కూడా మళ్ళీ మొహం చూడవు. టెంబో నేల చూపులు చూస్తూ, “ఉంది” అన్నాడు. తర్వాత షరతు మొత్తం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. మొదలుపెట్టాక ఏనుగులకి ఆపడం రాదు.

మకుంబా భుజాలు ఎగరేశాడు. “అడగండి, అడగండి! నా దగ్గర దాచేదేముంది?”

కిటో లేచి నిలబడ్డాడు. పద్నాలుగు ప్రశ్నలూ పదకొండు నినాదాలూ గొంతుదాకా తన్నుకొచ్చాయి. ఒక్కొక్కటే మింగాడు.

“మా అక్క సిఫా ఎక్కడ?”

“మంచి ప్రశ్న!” అన్నాడు మకుంబా. “ఈ లోయ ఆడబిడ్డల భద్రత కోసం నేను ఆరేళ్ళుగా కంటి మీద కునుకు లేకుండా...” అంటూ మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడాడు. అయిపోయాక కిటో అన్నాడు:

“మా అక్క ఎక్కడ?”

“అదే చెబుతున్నా. దుమ్ములగొండ్లు ఎంత క్రూరమైనవంటే...”

“ఆగండాగండి,” అని బురదలోంచి బులే లేచాడు. “దుమ్ములగొండ్లు ఎత్తుకెళ్ళాయంటే మరి మీ కాపలా ఏమైనట్టు? ఎత్తుకెళ్ళలేదంటే ఆ పిల్ల ఏమైనట్టు? ఊరికే, తెలుసుకుందామని.”

 మకుంబా వీపు మీద తడి ఆరిపోయింది. “విచారణ జరుగుతోంది. భద్రతా కారణాల రీత్యా బయటపెట్టకూడదు.”

“మా అక్క ఎక్కడ?” అన్నాడు కిటో మూడోసారి. ఈసారి అరవలేదు. సభ చివర కూర్చున్నవాళ్ళకి కూడా వినిపించింది.

“జవాబు రాలేదు... కాబట్టి ప్రశ్న అలాగే ఉంచండి,” అంది మోసి అవ్వ. “ఈలోపు... నాదీ ఒకటుంది.”

“త్వరగా కానీ,” అన్నాడు మకుంబా.

ఆ మాట తాబేలుతో అన్నందుకు సభలో కొందరు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు.

“అయ్యా...” అంది అవ్వ. ఊపిరి తీసుకుంది. “మకుంబా...” దూరంగా ఏదో పిట్ట కూసింది. అది అయ్యేదాకా ఆగింది. “గారూ... నేను... చిన్నప్పుడు...”

పొద్దు ముళ్ళచెట్టు కొమ్మల దాకా ఎక్కింది.

“ఈ మడుగు... గట్టున... మా అమ్మ... గుడ్డు పెట్టినప్పుడు...”

“ప్రశ్న అడగవే ముసలీ!”

“దానికే... వస్తున్నా. మధ్యలో అంటే... మళ్ళీ మొదట్నుంచి... చెప్పాలి. అయ్యా... మకుంబా...”

పొద్దు నడినెత్తికి వచ్చింది. ముళ్ళచెట్టు నీడ టెంబో కాళ్ళ కిందికి ముడుచుకుపోయింది. నీటిగుర్రం చర్మం ఎండకి పుట్టింది కాదు. మకుంబా ఒంటి మీద ఎర్రటి జిగురు ఊరడం మొదలైంది. వీపు మీది పాత పంజా గాట్లు మళ్ళీ మండాయి. ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తాడు.

“నీళ్ళు! రెండు దోసిళ్ళు నీళ్ళు తెచ్చి నా మీద పొయ్యండ్రా!”

సిండానో మడుగు వైపు పరిగెత్తాడు. రుగాంబా కొమ్ములు అడ్డం పెట్టాడు.

“పెద్ద మడుగు నీళ్ళు పెద్ద తప్ప ఎవరూ బయటికి తేరాదు. ఆర్డరు.”

“ఆ ఆర్డరు ఇచ్చింది నేనేరా మొద్దూ!” పుట్ట మీంచి మకుంబా కేకేశాడు.

“అందుకే పాటిస్తున్నాం సార్.”

“నేను... గుడ్డులో... ఉండగా...” అంది అవ్వ.

మకుంబా కళ్ళు ఎర్రబడ్డాయి. వీపు మీద చర్మం చిటచిటలాడుతోంది. వంద అడుగుల దూరంలో మడుగు తళతళమంటోంది. ఎదురుగా అడవికుక్క పిల్లాడొకడు కదలకుండా, మెదలకుండా, తన మొహంలోకే చూస్తున్నాడు. వాడు ఒక్క నినాదం ఇచ్చినా బాగుండును, తనూ కలిసి అరిచి గట్టెక్కేవాడు.

“మా అక్క ఎక్కడ?” అన్నాడు వాడు మళ్ళీ.

“ఇక్కడ లేదురా!” మకుంబా గావుకేక పెట్టాడు. “చావలేదు! బతికే ఉంది! పక్కనున్న ఎండోలో లోయలో ఉంది, అక్కడి పెద్ద అయిన మొసలి దగ్గర, ముళ్ళకంపల దొడ్డిలో! నన్నొక్కణ్ణే అడుగుతారేం? ఒకరి తలనొప్పిని ఒకరు దాచిపెడదామని అయిదుగురం కలిసే అనుకున్నాం! వాడి మనుషులు ముగ్గురు నా దొడ్లో లేరూ? అడగండి ఆ ఏనుగుని! పక్కనే నిలబడి విన్నాడు!”

 టెంబో కళ్ళు మూసుకున్నాడు. చెవులు మాత్రం మూసుకోలేకపోయాడు.

“బతికే ఉందా?” అన్నాడు కిటో.

“ఆఁ, బతికే ఉంది, చాలా!” అంటూ మకుంబా పుట్ట మీంచి దూకి, దుమ్ము లేపుకుంటూ మడుగు వైపు పరుగందుకున్నాడు.

“అయ్యో...” అంది మోసి అవ్వ. “నా ప్రశ్న... ఇంకా కాలేదే!”

గట్టు దగ్గర రుగాంబా ఒక్కసారి టెంబో వైపు చూశాడు. టెంబో కళ్ళు మూసుకునే, షరతు చివరి ముక్క గొణిగాడు: “దిగినవాడు పెద్ద అయితే పెద్దరికం కూడా పోయినట్టే.” గొణగకుండా ఉండటం వాడి చేతిలో లేదు. రుగాంబాకి అంతే చాలు. దున్నలన్నీ కొమ్ములు దించాయి.

“పెద్ద మడుగులోకి పెద్ద తప్ప ఎవరూ దిగరాదు.”

“నేనేరా! మకుంబాని! మిమ్మల్ని పిలిపించింది నేనే కదరా!”

“మడుగుని కాపాడమని పిలిచారు సార్. కాపాడుతున్నాం.”

“సిండానో! చెప్పరా వీడికి!”

కానీ సిండానో అప్పటికే సభ మధ్యలో నిలబడి, తాను మొదట్నుంచీ మార్పు కోరుతున్నవాణ్ణని ఎవరికో చెబుతున్నాడు.

మకుంబా గట్టు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. నాలుగోసారి తిరిగే ఓపిక లేదు. ఒళ్ళంతా మంటతో, దున్నలు వచ్చినప్పట్నుంచీ లోయ మొత్తం తాగుతున్న ఆ బురదగుంటలోకే వెళ్ళి దబ్బున పడ్డాడు. బులే మర్యాదగా పక్కకి జరిగి చోటిచ్చాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు మకుంబా మొహం ముందుకి వచ్చి నిలబడ్డాడు.

“హాచ్!”

“ఏంట్రా ఇది?”

“మీరే రమ్మన్నారు కదండీ, వరసలో,” అన్నాడు బులే. అప్పటికే వాడి వెనక ఓ జీబ్రా, ఓ జిరాఫీ, నాలుగు జింకలు వరస కట్టాయి.

ఇటు కిటో పుట్ట ఎక్కాడు. “నాకో విషయం ఉంది” అన్నాడు.

“ఆగు,” అంది మోసి అవ్వ. “ముందు నా ప్రశ్న. నువ్వెళ్ళి... ఆ మడుగులో కూర్చుంటావా?”

సభ మొత్తం వాడి వైపు చూసింది. ఆ క్షణంలో వాడికి కొంగల కథల్లోని వీరులంతా గుర్తొచ్చారు. పీఠాలు కూల్చినవాళ్ళు. తర్వాత వాళ్ళేమయ్యారో కొంగలు ఎప్పుడూ చెప్పలేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

“కూర్చోను అవ్వా. ఎవరు కూర్చోవాలో, ఎన్నాళ్ళకి లేవాలో వానలు పడేలోపు తుమ్మి తేల్చుకుందాం. అప్పటిదాకా గట్టు పొడవునా అందరూ తాగాలి. నేనడిగేది ఒక్కటే. మకుంబా దొడ్లో ఉన్న ముగ్గుర్నీ ఇవాళే వదిలేద్దాం. మా అక్కని వదలమని సమితి పెద్దలందరినీ అడుగుదాం. నిలబడి జవాబు చెప్పమందాం. సరేనా?”

మామూలువాడు అడిగాడు కాబట్టి పది తుమ్ములు కావాలి. మూడేళ్ళుగా బిగబట్టిన ముక్కులవి. మొదటి తుమ్ముకి పుట్ట మీది మట్టి రాలింది. పదో తుమ్ముకి కొంగలు చెట్ల మీంచి లేచిపోయాయి. డెబ్భై దాకా లెక్కపెట్టి ఆపేశారు. రుగాంబా కూడా తుమ్మాడని కొందరంటారు. దుమ్ము వల్ల అని వాడంటాడు. ఉత్తరపు కొండ అవతల ఇంత చప్పుడుకి ఒక్క దుమ్ములగొండి కూడా తొంగి చూడలేదు.

నిలబడి జవాబు చెప్పలేనివాడికి కూర్చునే హక్కు ఉండదు.

సాయంత్రం లోయ అంతా టెంబో చుట్టూ చేరి సమితికి పంపే కబురు గట్టిగా, ముక్తకంఠంతో వినిపించింది. ఏనుగు చెవిన పడ్డది ఎక్కడికీ పోదు కాబట్టి, దారిలో ఒక్క మాట జారినా అది మతిమరుపు అని ఎవరూ అనుకోరని కూడా చెప్పింది.

“అయిదు లోయల సమితి పెద్దలకి. సిఫాని ఎవరు పట్టుకున్నారు? ఏ తప్పుకి పట్టుకున్నారు? ఎప్పుడు వదులుతారు? మీమీ పుట్టలెక్కి, మీమీ జనం ఎదుట జవాబు చెప్పండి. జవాబు రాకపోతే మేమే వస్తాం. మాకంటే ముందు ఒక ప్రశ్న అడగడానికి మోసి అవ్వ ఎండోలో లోయకి ఇప్పటికే బయల్దేరింది. ఆమె నడకకి అక్కడికి చేరేది ఎప్పుడో లెక్కగట్టి చెబుతున్నాం. అదే మీ గడువు. వచ్చే వానాకాలం తొలి చినుకు.”